నోరు లేని ప్రాణి

సముద్రపు టడుగున నివసించు నొక పురుగును గూర్చి వ్రాయబూని, మా యింటి దసరా పేరంటముతో నారంభించుచున్నాము. మన్నింపుడు. ఆ పేరంటము జరుగకున్నచో ఆ పురుగు మా చెవిని బడియు మనసున నిలిచి యుండెడిది కాదు.

గడచిన నవరాత్రములలో బొమ్మల కొలువు చూడ వచ్చిన ముత్తైదువలలో నొకామె, మాకు దూరపు బంధువు, పసుపు కుంకుమ లందుకొని, శనగలు కొంగున మూటగట్టుకొనుచు, వంటయింటి వైపు చూచి, "పధ్నాలుగేళ్లుగా ఇంకొక నోటిని పోషిస్తున్నారు. ఈ కాలంలో ఎవరమ్మా అట్లా చేసేది!" అనెను. ఆ నోరు మా వదినగారిది. ఆ శనగలు నానబోసి, ఉడికించి, కొబ్బరి కోరి తాలింపు పెట్టినది వారే. పేరంటము జరుగుచుండగా ముందరి గదిలోనికి రాకూడదని యెవరును చెప్పకయే వారు వంటయింట గూర్చుండి యుండిరి. నడుమ గోడ యొక్కటే యడ్డము. మాట వినబడకుండుటకు వీలు లేదు.

మేమేమి బదులు చెప్పితిమని యడుగుదురేమో. ఏమియు జెప్పలేదు. చిరునవ్వు నవ్వితిమి. మెచ్చుకోలు తీపి గదా! అది మాకు జెందినదా కాదా యని విచారింపకయే పుచ్చుకొంటిమి. భారతము చదివితిమి, భాగవతము చదివితిమి, మా తాతగారి యెదుట గూర్చుండి అమరము వల్లించితిమి. సమయమునకు ఒక్క వాక్యమైన నోట రాలేదు.

మా వదినగారు మావారి కంటె పదకొండేండ్లు పెద్ద. మా అత్తగారు కాలము చేయునాటికి మావారు ఆరేండ్ల బాలురు. తల దువ్వి, అన్నము కలిపి పెట్టి, పలకపై అక్షరములు దిద్దించినది ఆ యక్కగారే. తరువాత ఆమెను అనంతపురము జిల్లాలో వేరుసెనగ పండించు నొక యింటి కిచ్చిరి. అచ్చట నుండియు రవికలు కుట్టి కూడబెట్టిన డబ్బు తమ్ముని చదువునకు బంపుచుండిరి. భర్త పోయిన పిమ్మట, బిడ్డలు లేనందున, మా యింటికి వచ్చిరి. అప్పటికి మా పెండ్లియై రెండేండ్లు. ఇదియంతయు ఆ బంధువునకు దెలియదు. మాకు దెలియును.

పేరంటము మరునాటి నుండి వదినగారు రాత్రి భోజనము మానిరి. "అరగడం లేదమ్మా" అనిరి. పది దినములైన పిమ్మట మావారితో, "చిన్నాన్న కొడుకు రమ్మని వ్రాసినాడు. కార్తికం వెళ్లగానే కొన్నాళ్లు అక్కడ ఉండి వస్తాను" అనిరి. కొన్నాళ్లకు బోవువారు పెట్టె యడుగున దాచుకొన్న పట్టుచీర తీసి, మా యమ్మాయికి పరికిణీ కుట్టింపుమని యిచ్చెదరా? మావారికి దెలియలేదు. పురుషులకు పెట్టె సర్దుటలోని భాష తెలియదు. మేము తెలిసియు నూరకుంటిమి.

మావారు ఉన్నత పాఠశాలలో ప్రకృతి శాస్త్రము బోధింతురు. మరునాటి పాఠమును రాత్రి భోజనములైన పిమ్మట మాకు జదివి వినిపించుట వారి యలవాటు. మాకర్థమైనచో పిల్లల కర్థమగునని వారి లెక్క. (ఇది మాకు గౌరవమో కాదో యింకను తేల్చుకొనలేదు.) మేము మరునాటికి గోంగూర యాకు దూయుచుందుము, వదినగారు వత్తులు చేయుచుందురు, అమ్మాయి వారి తొడపై తల పెట్టుకొని వినుచు నిద్రపోవును. ఆ రాత్రి పాఠము సముద్ర గర్భమును గూర్చినది. అమ్మాయి నిద్రపోలేదు.

1977వ సంవత్సరము ఫిబ్రవరి మాసమున, పసిఫిక్ మహాసముద్రములో గాలాపగోసు దీవులకు సమీపమున, అమెరికా దేశపు భూగర్భ శాస్త్రజ్ఞులు కొందరు సముద్రపు నేలను పరీక్షింప బోయిరి. అచ్చట భూమి పైపెంకు చీలి రెండు దిక్కులకు జరుగుచున్నది. ఆ చీలికల నుండి వేడినీటి యూటలు పుట్టుచుండవలెనని వారి యూహ. ముందుగా ఫొటోలు తీయు యంత్రములు గట్టిన యొక యినుప చట్రమును ఓడ నుండి దించి, నేలకు కొంచెము పైగా నీడ్చుకొని పోయిరి. మూడు వేల చిత్రములు వచ్చినవి. వానిలో దాదాపు అన్నియు నల్లని రాతి నేలయే. నీటి వేడి ఒక్క క్షణము హెచ్చిన చోట తీసిన పదుమూడు చిత్రములలో మాత్రము తెల్లని ఆలిచిప్పలు గుంపులు గుంపులుగా గానవచ్చినవి.

అంతట "ఆల్విన్" అను చిన్న మునుగు పడవలో ముగ్గురు క్రిందికి దిగిరి. లోతు సుమారు 2,500 మీటర్లు; అనగా మైలున్నర. సూర్యకిరణ మెన్నడును చొరని చోటు. నీరు మంచుకు దగ్గర చల్లదనము. దీపములు వేసి చూడగా, నేల పగుళ్ల నుండి గోరువెచ్చని నీరు ఎండమావి వలె తళతళలాడుచు పైకి వచ్చుచుండెను. ఆ వెచ్చదనము చుట్టును జేరి చిప్పలు, ఎండ్రకాయలు, చేపలు. తరువాతి దినములలో నింకొక చోట మనిషి యెత్తు తెల్లని గొట్టములు పొదవలె నిలిచి యుండెను; ఒక్కొక్క గొట్టము కొనను ఎఱ్ఱని కుచ్చు. ఎడారి యనుకొన్న చోట తోట!

ఆ యోడలో జీవశాస్త్రజ్ఞు డొక్కడును లేడు. అచ్చట ప్రాణులుండునని యెవ్వరును తలపనే లేదు. పైకి దెచ్చిన వానిని కుళ్లకుండ దాచుటకు తగినంత మందు లేక, పనామాలో గొన్న రష్యా సారాయిలో నానవేసిరట. ఆవకాయ జాడీకి నూనె చాలనప్పుడు మనము పడు తంటాలు జ్ఞప్తికి వచ్చి మేము నవ్వితిమి. క్రింది నుండి తెచ్చిన నీటి సీసాల మూత తీయగానే కుళ్లిన గ్రుడ్ల కంపు గొట్టెనట. ఈ కంపును మరువకుడు. కథ యంతయు దానిలోనే యున్నది.

1979వ సంవత్సరమున అదే మహాసముద్రములో, మెక్సికో దేశమునకు ఎదురుగా, ఇంకను ఉగ్రమైన యూటలు కనబడినవి. రాతి పొగగొట్టముల నుండి నల్లని పొగ వలె నీరు చిమ్ముచుండెను. దాని వేడి 350 డిగ్రీలు. మన పొయ్యి మీద నీరు 100 డిగ్రీలకు మరగిపోవును. అచ్చట పైనున్న సముద్రపు బరువు దానిని మరగనీయదు. ఈ మాట వినగానే మేము బడబాగ్నిని దలచుకొంటిమి. అమరసింహుడు దానికి ఔర్వము, బాడబము, బడబానలము అని పేర్లు చెప్పియున్నాడు. మావారు మా ముఖము చూచి, "ఇక మన పూర్వులకు అన్నీ ముందే తెలుసనవు గదా" అనిరి. అనము. ఆదిపర్వములోని ఔర్వుని కథ కోపమును గూర్చినది గాని సముద్రపు నేలను గూర్చినది కాదు. లోకములను గాల్పబోయిన కోపమును పితరుల మాట మీద సముద్రమున విడిచెను. అది యింకను అచ్చట మండుచున్నది. అడచిన కోపము ఆరదని చెప్పిన వానికి సముద్ర శాస్త్రము తెలియవలసిన పని లేదు.

ఇక పురుగు. దానికి శాస్త్రజ్ఞులు రిఫ్టియా యని పేరు పెట్టిరి. గొట్టము అది తన చుట్టును తానే కట్టుకొను నిల్లు. కొన్ని రెండు మీటర్ల వరకును పెరుగును. మావారు చదువుచు, "దీనికి నోరు లేదు. కడుపు లేదు. ప్రేగులు లేవు" అనిరి.

నోరు అను మాట వినబడగానే వదినగారి చేతిలో వత్తి యాగినది. మేము తలయెత్తి చూడలేదు.

"నోరు లేకపోతే ఎట్లా తింటుంది, నాన్నా?" అని అమ్మాయి.

"అదే వాళ్లకూ తెలియలేదు."

వాషింగ్టను నగరములోని స్మిత్‌సోనియన్ సంస్థకు జెందిన మెరెడిత్ జోన్సు అను పండితుడు ఆ పురుగును గోసి పరీక్షించెను. దాని దేహములో పెద్దభాగము మెత్తని యొక ముద్దతో నిండియుండెను. దానిని ట్రోఫోసోము అందురు. గ్రీకు భాషలో పోషించు దేహమని యర్థము. పోషించుట సరే, దేనితో? 1980వ సంవత్సరమున ఆయన హార్వర్డు విశ్వవిద్యాలయమున ఉపన్యసించుచు, ఆ ముద్దలో గంధకపు రవ్వలు కనబడినవని చెప్పెను. ఆ సభలో కొలీన్ కావనో యను విద్యార్థిని, పరిశోధనలో నింకను మొదటి సంవత్సరమున నున్న యామె, లేచి నిలిచి, అట్లయినచో ఆ ముద్దలో గంధకముతో బ్రదుకు బాక్టీరియా యుండవలెనని చెప్పెను.

అట్టి బాక్టీరియా యున్నవని యంతకు ముందే తెలియును. రష్యా దేశీయుడగు సెర్గీ వినోగ్రాద్‌స్కీ 1880 తరువాతి యేండ్లలో గంధకపు నీటి యూటలలో బ్రదుకు సూక్ష్మజీవులను పరీక్షించి, అవి యెండతో బని లేక, ఆ కుళ్లు కంపు గాలి నుండియే శక్తి దీసికొనుచున్నవని కనుగొనెను. కాని అవి యొక పెద్ద ప్రాణి దేహములో గాపురముండి దానికి దిండి పెట్టునని యెవ్వరికిని తోచలేదు. కావనో జోన్సు వద్ద నొక తునక గైకొని సూక్ష్మదర్శనిలో చూచెను. ఉన్నవి. ఒక గ్రాము ముద్దలో వందల కోట్లు. 1981వ సంవత్సరమున ఆ సంగతి ప్రకటింపబడెను.

పెద్దల సభలో సమయమునకు నోరు విప్పిన యామెను మేము చాలసేపు తలచుకొంటిమి. ఎందుకో చెప్పనక్కర లేదు.

ఆ కాపురము నడచు తీరును మావారు చెప్పినదాని కంటె మేము వంటయింటి మాటలలో జెప్పినచో మీకు సులభముగా దెలియును. పురుగు వెచ్చములు తెచ్చును. బాక్టీరియా వంట చేయును. వెచ్చములు మూడు. ఒకటి, ఊట నుండి వచ్చు హైడ్రోజను సల్ఫైడు, అనగా ఆ కుళ్లిన గ్రుడ్ల కంపు. రెండు, చుట్టునున్న చల్లని నీటిలో గఱగియున్న ప్రాణవాయువు. మూడు, బొగ్గుపులుసు గాలి. పురుగు కొననున్న ఎఱ్ఱని కుచ్చు ఈ మూడింటిని నీటి నుండి లాగికొనును. ఆ యెఱుపు మరేమియు గాదు. మన రక్తమునకు రంగునిచ్చు హిమోగ్లోబినే. ఐతే హైడ్రోజను సల్ఫైడు మనకు విషము. అది మన దేహములో జొచ్చినచో ప్రాణవాయువును వాడుకొను పని నిలిచిపోవును. రిఫ్టియా రక్తము మాత్రము ఆ విషము నొక చేత, ప్రాణవాయువు నొక చేత పట్టుకొని, రెండింటిని తగులుకొననీయక, లోపలి ముద్ద వరకు మోసికొని పోవును. అచ్చట బాక్టీరియా ఆ రెండింటిని కలిపి, వచ్చిన శక్తితో బొగ్గుపులుసు గాలిని అన్నముగా మార్చును. చెట్టు ఆకులో ఎండతో చేయు పనిని ఇవి చీకటిలో కంపుతో చేయును.

సూర్యుని ఋణము బొత్తిగా లేని జీవులని కొందరు వ్రాయుదురట. అది యతిశయోక్తి యని మావారనిరి. ఆ నీటిలోని ప్రాణవాయువు పైనెక్కడనో యెండలో బెరిగిన పచ్చని నాచు విడిచినది. సముద్రపు ప్రవాహములు దానిని క్రిందికి దెచ్చును. ఎవ్వరి ఋణమును లేనివారము మేమని చెప్పుకొనుట పురుగునకు గూడ చెల్లదు.

ఇంతసేపు మాటలాడని వదినగారు, "అయితే ఒరేయ్, ఎవరి ఇంట్లో ఎవరు తింటున్నట్లు?" అని యడిగిరి.

మావారికి ఆ ప్రశ్నలోని ముల్లు తెలియదు. "మంచి ప్రశ్న అక్కయ్యా! ఇల్లు పురుగుది. వంట వాటిది. ఇది లేక అది లేదు" అని యుత్సాహముగా జెప్పిరి. మా చేతిలోని గోంగూర యాకు నలిగిపోయినది.

కొంతసేపటికి వదినగారు, "వేరుసెనగ చెట్టు పీకితే వేళ్లకు బుడిపెలు ఉంటాయి. అట్లాంటిదేనా?" అనిరి. మావారు పుస్తకము మూసి చూచిరి. "అట్లాంటిదే! నీకెట్లా తెలుసు?" "మా మామగారు చూపించేవారు. గోటితో చిదిమితే లోపల ఎఱ్ఱగా ఉంటే ఆ చేను బాగున్నట్లే అనేవారు." మావారు లేచి నిలిచిరి. ఆ బుడిపెలలోను బాక్టీరియాయే యున్నవి; గాలిలోని నత్రజనిని మొక్కకు ఆహారముగా మార్చి యిచ్చుచున్నవి; ఆ యెఱుపు హిమోగ్లోబిను జాతికి జెందినదే, ప్రాణవాయువును పట్టియుంచునదే. సముద్రపు టడుగున నెఱుపు, అనంతపురపు చేనిలో నెఱుపు, ఒక్క వంశమే. ఇన్నేండ్లుగా ఈ పాఠము చెప్పుచున్నారు గాని, చిదిమి చూచినవా రొకరు తమ యింటనే యున్నారని వారికి దెలియదు. మేమును అడిగిన పాపమున బోలేదు. వారి చేతి పప్పు నడిగితిమి, పచ్చడి నడిగితిమి. వారు చూచిన దేమని యడుగలేదు.

పురుగు పిల్ల పుట్టునప్పుడు దానిలో బాక్టీరియా యుండవు. తల్లి యియ్యదు. పిల్ల నీటిలో దేలి, ఊట దగ్గర నేలకు జేరిన పిమ్మట, అచ్చటి నీటిలో దిరుగు బాక్టీరియాలో గొన్ని దాని చర్మము గుండ లోనికి జొచ్చును. వియెన్నా విశ్వవిద్యాలయమునకు జెందిన మోనికా బ్రైట్ మొదలగువారు 2006వ సంవత్సరమున ఈ సంగతి వెల్లడించిరి. అవి వచ్చి కుదురుకొన్న పిమ్మట, పసితనమున నుండు చిన్న నోరును, ప్రేగును క్రమముగా లేకుండ పోవును. చూచితిరా! నోరు లేకపోవుట పుట్టుకతో వచ్చిన లోపము గాదు. వంట చేయువారు వచ్చినారని నమ్మి విడిచిపెట్టినది.

అచ్చటనే యుండు ఒక జాతి తెల్లని ఆలిచిప్పది వేఱు రీతి. వాని బాక్టీరియా మొప్పలలో నుండును; తల్లి గ్రుడ్డులోనే వానిని పెట్టి పంపును. పుట్టింటి నుండి పెండ్లికూతురు వెంట బంపు అరణము వంటిది. మనము పాలలో వేయు మజ్జిగ చుక్కను తోడు అందుము గదా. ఆ మాట యెవరు పెట్టిరో గాని చక్కని మాట. ఆలిచిప్ప కూతునకు తల్లి యింటి తోడు వచ్చును. రిఫ్టియా తన తోడును తానే వెదకుకొనవలెను. ఐతే తరతరములుగా చిప్ప కడుపుననే యుండి, ఆ బాక్టీరియా బయట బ్రదుకు విద్యలను గొన్నిటిని మరచిపోయినవి. రిఫ్టియాలోనివి మరువలేదు. ఏది మేలో చెప్పజాలము. మేము అరణముతో వచ్చినవారము. వదినగారు తిరిగి వచ్చినవారు.

ఇంత వినునప్పటికి మా మనసులో నొక చక్కని ఉపమానము తయారైనది. దానిని వదినగారి యెదుట నెట్లు పెట్టుదుమా యని యాలోచించుచుంటిమి. అంతలో మావారు పుట త్రిప్పి తరువాతి సంగతి చదివిరి. ఆ ముద్ద చిన్న చిన్న తమ్మెలుగా నుండునట. ప్రతి తమ్మెయందును లేత బాక్టీరియా నడుమ బుట్టి వృద్ధి చెందుచు వెలుపలి యంచునకు జరుగును. అంచు జేరిన ముదురు వానిని పురుగు జీర్ణము చేసికొనును. బ్రదికియున్న బాక్టీరియా నుండి కొంత యాహారము ఊరి పురుగునకు జేరును. తక్కినది ఈ రీతిగా వానినే తినుట వలన లభించును.

మా యుపమానము చెడినది. కొందరు పండితులు దీనిని స్నేహమనరాదు, పశుపోషణ మనవలెనని వాదింతురట. అమ్మాయి ముఖము ముడుచుకొనినది. వదినగారు మాత్రము, పేరంటమైన పిమ్మట మొట్టమొదటి సారిగా, బిగ్గరగా నవ్విరి. "వండిపెట్టినవాళ్లనే చివరకు తినేస్తుందన్నమాట! ఇప్పుడు నమ్ముతానురా, ఇది సంసారమే" అనిరి. మావారును నవ్విరి. మాకు నవ్వు రాలేదు. ఆ మాట యెవరికి దగిలెనో వారికి దగిలెను.

ఐతే బాక్టీరియా పక్షమునను కొంత చెప్పవలెను. వాని కిచ్చిన పేరు "ఎండోరిఫ్టియా పెర్సెఫొనీ". 2008వ సంవత్సరమున పెట్టిరి. పెర్సెఫొనీ గ్రీకుల పురాణములలో పాతాళమునకు రాణి. ఏట గొంతకాలము పాతాళమున, గొంతకాలము తల్లి దగ్గర భూమిపై నుండును. పేరు తగినదే. ఏలయన, పురుగు చచ్చినప్పుడు వాని కథ ముగియదు. 2015వ సంవత్సరమున ప్రకటింపబడిన పరిశోధనలో, చచ్చిన పురుగు దేహమునుండి బాక్టీరియా సజీవముగా వెలువడి సముద్రములో మరల స్వేచ్ఛగా వృద్ధి చెందుట చూచిరి. లోపల జొచ్చినవి కొన్ని. వెలికి వచ్చునవి లెక్కలేనన్ని. ఆ నీటిలో దిరుగునవే రేపటి పిల్లకు తోడగును.

ఆ పిల్లకు తొందర గూడ నుండవలెను. ఈ యూటలు చిరకాలము నిలుచునవి కావు. 1991వ సంవత్సరమున పసిఫిక్ సముద్రగర్భమున నొక చోట లావా పొంగి, ఆ ప్రదేశపు గొట్టపు పురుగులను కాల్చి కప్పివేసెను. ఆల్విన్‌లో దిగినవారు ఆ కమిలిన కళేబరములను జూచిరి. 1993వ సంవత్సరము డిసెంబరునకు అచ్చటనే క్రొత్త రిఫ్టియాలు మీటరున్నర యెత్తు పెరిగి నిలిచియుండెను. మూడేండ్లు నిండకమునుపే! నోరు లేని దానికి ఎంత చక్కగా తిండి దొరకుచున్నదో చూడుడు.

మన హిందూ మహాసముద్రములోను ఇట్టి యూటలున్నవి. మారిషస్ దీవికి ఆగ్నేయముగా నున్న కైరేయి యను చోట 2001వ సంవత్సరమున నొక నత్త కనబడెను. దాని పాదమునకు ఇనుము, గంధకము గలిసిన పొలుసులు. అదియు తన గొంతు దగ్గరి గ్రంథిని పెద్దది చేసికొని దానిలో బాక్టీరియాను నిలుపుకొనినది. ఆ యూటల దగ్గర రాగి మొదలగు లోహములు పేరుకొనియుండుటచే, వానిని త్రవ్వవచ్చునని దేశములకు ఆశ కలిగినది. మన ప్రభుత్వమును 2016వ సంవత్సరమున, ఆ మహాసముద్రములో అట్టి నిక్షేపములను వెదకుటకు, అంతర్జాతీయ సముద్రతల సంస్థతో 15 ఏండ్ల యొప్పందము చేసికొనెను. త్రవ్వకముల భయము వలన ఆ నత్తను 2019వ సంవత్సరమున ప్రమాదములో నున్న జీవుల పట్టికలో జేర్చిరి. కట్టిన యింటిని గూల్చి రాగి దెచ్చుకొనుట మాకు రుచింపలేదు. మావారు మాత్రము, ఇంటి తీగలలోని రాగి యెచ్చట నుండి వచ్చుచున్నదో చెప్పుమనిరి. వాదము తెగలేదు.

ఆ రాత్రి అందరును పరుండిన పిమ్మట వదినగారు పాలు తోడు పెట్టుచుండిరి. చిటికెన వ్రేలితో వెచ్చదనము చూచుట, మజ్జిగ చుక్క వేయుట, గిన్నెను గుడ్డతో గప్పుట. మేము దగ్గరకు బోయి, పేరంటము నాడు ఆ బంధువు మాటకు నవ్వినది మా తప్పని చెప్పితిమి. వారు గిన్నెపై గుడ్డ సరిచేసి, "ఆమె మాటకేం లేదమ్మా. లోకం. నువ్వు ఏదో అంటావని చెవి ఒగ్గి కూర్చున్నాను" అనిరి. ఇంతకు మించి నొక్క మాటయు అనలేదు. అనినచో బాగుండెడిది.

మరునాడు మావారికి సర్వమును చెప్పితిమి. వారు చాలసేపు మాటలాడక, ఆ పూట మాపై గోపముతో పాఠశాలకు బోయిరి. ఆ బంధువునకు మేమొక జాబు వ్రాసితిమి. పదునాలుగేండ్లుగా మా యింటిల్లిపాదియు వదినగారి చేతి యన్నము తినుచున్నామనియు, ఆ నాటి శనగలును వారు చేసినవే యనియు, మావారి చదువు వారి సూది మొనపై నడచినదనియు వ్రాసితిమి. ఇంకను ప్రత్యుత్తరము రాలేదు. వచ్చునని నమ్మకము లేదు.

వదినగారు రాత్రి పూట మజ్జిగ యన్నము తినుచున్నారు. ప్రయాణము మాట యెత్తలేదు, మానితినని చెప్పలేదు. పెట్టె మంచము క్రింద సర్దినట్లే యున్నది. పెరటిలో పగిలిన కుండ నొకదానిని మట్టితో నింపి, అమ్మాయి చేత నాలుగు వేరుసెనగ గింజలు నాటించిరి. మొక్కలు వచ్చినవి. బుడిపెలు చూడవలెనని అమ్మాయికి నిలకడ లేదు. మొన్న నొక మొక్కను పీకినది. వేళ్లు తెల్లగా, నున్నగా నున్నవి. ఆ మట్టిలో అవి యున్నవో లేవో, ఉన్నచో వచ్చుటకు నెన్నాళ్లు పట్టునో! మిగిలిన మూడింటిని నెల నిండువరకు ముట్టరాదని వదినగారు చెప్పియున్నారు.